కావలివాడు లేని గుమ్మము: ఇంటి నెట్‌వర్కున గుర్తింపు పరీక్ష



మా తమ్ముని కుమారుడు హైదరాబాదులో నొక కంపెనీయందు ఉద్యోగము చేయుచున్నాడు. ఇటీవల వాని తల్లికి శస్త్రచికిత్స జరుగగా, ఆమెను కనిపెట్టుకొని యుండుటకై తంగళ్ళపల్లికి వచ్చెను. పదునైదు దినములు ఇంటినుండియే పనిచేసికొనుటకు కంపెనీవారు సమ్మతించిరి. అయితే ప్రతిదినమును ఉదయము తొమ్మిది గంటలకు కంపెనీవారిచ్చిన కంప్యూటరు ద్వారా హాజరు చెప్పవలెను. చెప్పని దినము సెలవుక్రింద వ్రాయబడును. వానికి మిగిలియున్న సెలవులు రెండే. మొదటి దినముననే ఆ కంప్యూటరు మా యింటి తీగను అంగీకరింపక మొరాయించెను.

తీగను డబ్బాలో గ్రుచ్చగానే చిన్న దీపము వెలుగుచుండెను. కాబట్టి తీగ తెగలేదని తెలియుచునే యున్నది. కాని తెరమీద గుర్తింపు పరీక్షకు ప్రయత్నము జరుగుచున్నదని యొక మాట కనబడి, కొంతసేపటికి పరీక్ష నెరవేరలేదని మరియొక మాట కనబడును. అంతటితో సరి. కేబులు పనివాడు వచ్చి తీగను మార్చెను, డబ్బాను మార్చెను, తుదకు తన తప్పేమియు లేదని చేతులు దులుపుకొని పోయెను. వాని మాట నిజమే. అదే తీగను నా పాత కంప్యూటరునకు తగిలింపగా నిరాటంకముగా పనిచేసినది. “పెద్దబాపూ, ఒకే డబ్బా, ఒకే తీగ. మీ దానికి పనిచేసి నా దానికి పనిచేయకుండుట యేమి?” అని కుర్రవాడు నన్నడిగెను. అప్పటికి నాకును సమాధానము తెలియదు. రెండు దినములు గ్రంథములు తిరుగవేసియు, చేసి చూచియు తెలిసికొన్నదానిని మీకు మనవి చేయుచున్నాను.

ఈ గుర్తింపు పరీక్షకు ఇంగ్లీషున అథెంటికేషన్ అని పేరు. తీగమార్గమున వచ్చు కంప్యూటర్లను పరీక్షించి లోనికి విడుచు పద్ధతికి 802.1ఎక్స్ అను కట్టుబాటు కలదు. ఐ.ఇ.ఇ.ఇ. యను ఇంజనీర్ల సంస్థ దీనిని 2001 లో మొదట ప్రకటించి, 2004 లోను, 2010 లోను, 2020 లోను సవరించినది. బ్యాంకులు, పెద్ద కార్యాలయములు, విశ్వవిద్యాలయములు మొదలగు చోట్ల, ఎవడో యొకడు లోనికి వచ్చి గోడనున్న రంధ్రమున తన తీగను గ్రుచ్చుకొని దస్త్రములను చూడకుండుటకై యిది పుట్టినది.

మన తెలంగాణమున పూర్వముండిన గడీలను తలచుకొనుడు. గడీ దర్వాజా మూసియుండును. బయట నొక మనుష్యుడు నిలిచి తన పేరును, తాను తెచ్చిన ఆనవాలును చెప్పును. దర్వాజా యొద్ద నున్న కావలివానికి ఊరివారందరి పేర్లును తెలియవు. అతడు ఆ మాటను లోపలి దఫ్తరమునకు మోసికొనిపోవును. అక్కడి గుమాస్తా పుస్తకము విప్పి చూచి, విడువుమనియో విడువవలదనియో చెప్పును. ఆ యుత్తరువు వచ్చువరకు కావలివాడు పేరు అడుగుటయు ఆనవాలు అడుగుటయు తప్ప మరియొక మాట వినిపించుకొనడు. 802.1ఎక్స్ కట్టుబాటునను సరిగా ఈ మువ్వురే యున్నారు. వచ్చిన కంప్యూటరునకు ఆ గ్రంథమున పెట్టిన పేరునకు వేడుకొనువాడు, అనగా అర్థి, అని అర్థము. అనేక రంధ్రములతో నుండి తీగలను కలుపు స్విచ్చియను పెట్టె కావలివాడు. పుస్తకము గల గుమాస్తా వేరొక కంప్యూటరు. వానికిని కావలివానికిని నడుచు సంభాషణకు సాధారణముగా వాడు భాషకు రేడియస్ అని పేరు.

ఇందు మనము మనస్సున నుంచుకొనవలసిన సంగతి యొకటి యున్నది. దర్వాజాను మూయువాడును తెరచువాడును కావలివాడు, అర్థి కాడు. అర్థి చేయగలిగినది తన పేరు చెప్పుకొనుట మాత్రమే.

ఇక మా యింటికి వత్తము. మానేటికి ఆవల సిరిసిల్ల, ఈవల మేము. 2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లా యేర్పడినప్పుడు మా యూరును మండల కేంద్రమైనది. మా ప్రాంతమున ఇంటింటికి వచ్చిన ఇంటర్నెట్ డబ్బాలు సామాన్యముగా నొకే తీరువి: గాజుతంతి వచ్చి చేరుటకొక రంధ్రము, మన తీగలు గ్రుచ్చుకొనుటకు రెండో నాలుగో రంధ్రములు, గాలిలో వైఫై పంచుటకు రెండు కొమ్ములు. ఈ డబ్బా తీగరంధ్రమున గ్రుచ్చిన కంప్యూటరును నీవెవరవని యడుగదు. గ్రుచ్చినవాడెవడైనను ఇంటివాడే. అనగా ఇది దర్వాజా లేని గడీ. కావలివాడును లేడు, గుమాస్తాయు లేడు.

అట్టి గుమ్మమునొద్దకు మా కుర్రవాని కంప్యూటరు వచ్చి, కార్యాలయమున నేర్పిన మర్యాద ప్రకారము, “నేను వచ్చితిని, పరీక్షింపుడు” అని పిలిచినది. ప్రత్యుత్తరము లేదు. కట్టుబాటులోని సామాన్య లెక్కప్రకారము అర్థి ముప్పది సెకండ్లకొకసారి చొప్పున మూడుమార్లు పిలువవలెను. ఈ గడువులను కంప్యూటరు చేయువారు మార్చుకొనవచ్చును. మూడుమార్లు పిలిచినను పలుకు లేనిచో, ఇచ్చట కావలి లేదని యెంచి అర్థి నేరుగా లోనికి పోవచ్చునని గ్రంథకర్తలే వ్రాసిరి. వారు వివేకవంతులు, పరీక్ష పెట్టు కార్యాలయమునకును, పెట్టని యింటికిని ఒకే కంప్యూటరు తిరుగునని యెరుగుదురు.

అయితే విండోసు కంప్యూటరున ఈ సంగతి యజమాని యిష్టమునకు విడువబడినది. తీగ అమరికల పుటలో అథెంటికేషన్ అను భాగము కలదు. వైర్డ్ ఆటోకాన్ఫిగ్ అను సేవకుడు సామాన్యముగా నిద్రించుచుండును. వానిని లేపిననే గాని ఆ భాగము కంటికి కనబడదు. అందు మొదటి గడిలో టిక్కు పెట్టినచో పరీక్షకు సిద్ధమైనట్లు. అడుగున మరియొక గడి యున్నది. ఫాల్‌బ్యాక్ టు అనాథరైజ్డ్ నెట్‌వర్క్ యాక్సెస్ అని దాని పేరు. పరీక్ష నెరవేరని చోటికైనను పోవచ్చునని దాని తాత్పర్యము. ఈ రెండవ గడిలో టిక్కు ఉన్నచో కంప్యూటరు కొంతసేపు పిలిచి, పలుకు లేకపోగా నెట్‌వర్కునందు చేరిపోవును. టిక్కు లేనిచో గుమ్మము తెరచియున్నను లోనికి అడుగుపెట్టదు. మా కుర్రవాని కంప్యూటరున కంపెనీవారు ఆ టిక్కును తీసివేసి, ఎవరును మార్చకుండ బిగించిరి. వారి పక్షమున న్యాయము లేకపోలేదు. తమ దస్త్రములున్న యంత్రము దారిన పోవు ప్రతి తీగకును తగులుకొనరాదని వారి యభిప్రాయము. ఇంటినుండి పనిచేయుమని సెలవిచ్చినవారు, ఈ గడి సంగతి చూడవలెనని మాత్రము మరచిరి.

మరి నా పాత కంప్యూటరు పనిచేయుటకు కారణమేమి? అందు మొదటి గడిలో టిక్కు లేకపోవుట కాదు. ఉన్నది! నేనే రెండు నెలల క్రిందట స్వహస్తముతో పెట్టితిని. అథెంటికేషన్ అను పదమును చూచి, ఇది భద్రతకు సంబంధించినది గదా, పెట్టినచో ఇల్లు భద్రమగునని తలచితిని. రెండవ గడిలోను టిక్కు ఉండుటచేత నా కంప్యూటరు ప్రతి యుదయమును గుమ్మమున నిలిచి కొంతసేపు కేకలు వేసి, పలుకువారు లేక, లోనికి పోవుచుండినది. అది ఆలస్యముగా కలియుచున్నదని గమనించితిని గాని, తాళము గట్టిదైనందున తీయుటకు సేపు పట్టుచున్నదని సంతోషించితిని.

సంగతి తెలిసినప్పుడు నాకు సిగ్గు కలిగినది. ఏలయనగా ఆ టిక్కును నమ్మి నేను చేసిన పనులు కొన్ని కలవు. ప్రక్కయింటి ఆసామికి ఎనిమిది సాంచాలున్నవి. అతడు అడుగగా మా డబ్బానుండి గోడమీదుగా నొక తీగను వాని షెడ్డులోనికి ఇచ్చితిని. వచ్చిపోవు చుట్టములును, పిల్లలును మాటిమాటికి పాస్‌వర్డు అడుగుచుండిరని వైఫైకి పాస్‌వర్డునే తీసివేసితిని. టిక్కు పెట్టితిని గదా, ఎవడేమి చేయగలడని నా ధైర్యము.

ఆ రాత్రి, నా టిక్కు దేనిని కాపాడుచున్నదో పరీక్షింతమని, మా డబ్బాలో చేరియున్న యంత్రముల పట్టికను తీసి చూచితిని. మా యింటివి నాలుగు, పట్టికలో పదునొకండున్నవి. వానిలో నొకదాని సంఖ్యను వ్రాసి తెరచితిని. కెమెరాల పెట్టె యొకటి పాస్‌వర్డు అడిగెను. అమ్మువారు మొదట పెట్టియుంచు సామాన్యమైన మాటను వ్రాసితిని. తెర తెరచుకొన్నది. అది ఆసామి షెడ్డు. సాంచాలు ఆగియున్నవి, ఆ యింటి ఆడువారు ఇద్దరు దీపము క్రింద కూర్చుండి బీడీలు చుట్టుచు మాటలాడుకొనుచుండిరి. తత్క్షణమే మూసివేసితిని. నాకు కనబడినది మా వీధిలో ఫోను చేతబట్టుకొని నిలిచినవానికెవనికైనను కనబడును. నా కంప్యూటరులోని టిక్కు ఆ స్త్రీలకు గాని, నాకు గాని యే రక్షణయు కాలేదు. మరునాడు ఆసామితో చెప్పుట నాకు మిక్కిలి కష్టమైనది, కాని చెప్పితిని.

కావలి లేని యింటి నెట్‌వర్కు ఎంత దూరము తీసికొనిపోగలదో మన దేశమున 2008 లో జరిగిన యొక సంగతి చెప్పును. ఆ సంవత్సరము జూలై 26 న అహమ్మదాబాదులో బాంబులు ప్రేలినవి. ప్రేలుటకు కొంచెము ముందుగా వార్తాసంస్థలకు ఒక ఉత్తరము ఇంటర్నెట్ మార్గమున చేరినది. అది యే గృహమునుండి వచ్చినదని వెదకగా, నవీ ముంబయిలో కాపురమున్న ఒక అమెరికా దేశస్థుని ఇంటి కనెక్షను తేలినది. ఆయన వైఫైకి భద్రత లేదు. వేరెవరో దానిని వాడుకొనిరి. ఆయనకు ఆ ఘోరముతో సంబంధము లేకపోయినను మొదట ప్రశ్నలకు గురియైనది ఆయనయే. తరువాత 2009 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వ టెలికాం శాఖ వైఫై సేవల భద్రతను గూర్చి ఇంటర్నెట్ సంస్థలకు ఉత్తరువులు పంపినది. కనెక్షను ఎవరి పేరనున్నదో వారి తలుపునే పోలీసులు ముందుగా తట్టుదురు. ఇది పెద్దలు తమ యింటిలోని చిన్నవారికి చెప్పదగిన మాట.

టిక్కు వలన ప్రయోజనము లేకపోవుటయే గాక, ఒకానొకప్పుడు నష్టమును కలదు. అర్థి తన పేరును ఆనవాలును చెప్పుటకు సిద్ధముగా నున్నాడు. కావలి లేని చోట మోసగాడొకడు తలపాగ చుట్టి కావలివానివలె నిలిచి, “నీ ఆనవాలు చెప్పుము” అనినచో? అందుకై అర్థి కూడ కావలివాని వెనుకనున్న గుమాస్తాను పరీక్షింపవలెను. ఆ గుమాస్తా చూపవలసిన మొహరునకు సర్టిఫికెట్ అని పేరు. అమరికలలో మొహరును సరిచూడుమను గడి వేరుగా నున్నది. పని త్వరగా జరుగునని కొందరు దానిలోని టిక్కును తీసివేయుదురు. ఇది మిక్కిలి చెడ్డ అలవాటు. పాస్‌వర్డు సూటిగా పోదు, గుప్తభాషలోనే పోవును గదా యని వారి సమాధానము. కాని ఈ పరీక్షలలో విరివిగా వాడు ఎం.ఎస్.చాప్ రెండవ కూర్పును మోక్సీ మార్లిన్‌స్పైక్, డేవిడ్ హల్టన్ అను ఇద్దరు 2012 లో శోధించి, మోసగానికి చిక్కిన ఆ గుప్తభాషను ఒక్కదినములో విప్పవచ్చునని చూపిరి. తీగమీద ఇట్టి మోసము అరుదు, ఇంటిలోనికి వచ్చి తీగ కలుపవలెను గనుక. గాలిలో నడుచు వైఫైకి ఇదే పరీక్షను పెట్టు కళాశాలలలో చదువుకొను పిల్లలు మాత్రము జాగ్రత్త వహింపవలెను. ఆ పిల్లల ఫోను ఇంటికి వచ్చినప్పుడును, బస్సు స్టాండులోను, ఎచ్చటనైనను కళాశాల పేరుతో నొక నకిలీ వైఫై కనబడినచో, మొహరు చూడకయే ఆనవాలు చెప్పివేయగలదు.

అట్లయిన ఇంటిలోనే నిజమైన కావలివానిని నిలుపరాదా యని మీరడుగవచ్చును. నిలుపవచ్చును. పరీక్షింపగల స్విచ్చిని కొనవలెను. గుమాస్తా పనికి ఫ్రీరేడియస్ అను సాధనము 1999 నుండి పెరిగి, వెల లేకయే దొరకుచున్నది. దానిని నడుపుటకు రేయింబవళ్ళు మేలుకొనియుండు చిన్న కంప్యూటరు నొకదానిని ఉంచవలెను. ఇంత చేసిన తరువాత టెలివిజను, కెమెరాల పెట్టె, అచ్చు యంత్రము మొదలగునవి సాధారణముగా ఈ పరీక్షకు సమాధానము చెప్పనేరవు. వానిని ముఖము చూచి విడువుమని కావలివానితో చెప్పవలెను. యంత్రములలో ముఖమనగా ఒక సంఖ్య, దానిని మరియొక యంత్రము సులభముగా ధరింపగలదు. అంతేగాక, 2004 నాటి కట్టుబాటు ప్రకారము తలుపు ఒకసారి తెరచుకొన్న పిమ్మట, అదే తీగను నడుమ చీల్చి రెండవ యంత్రమును కలిపినచో అదియును చొరబడవచ్చును. తీగలో పోవు ప్రతి మూటకును ముద్రవేయు మాక్‌సెక్ అను ఏర్పాటును 2006 లో వేరుగా నిర్ణయించి, 2010 లో దీనితో జతపరచిరి. ఇదంతయు బ్యాంకునకు తగును. మా యింటివంటి యింటికి ఇది ఎనుగు వేయవలసిన పెరటికి కోటగోడ కట్టుటవంటిదని నా తాత్పర్యము.

మేము చేసినది యింతకన్న చాల స్వల్పము. మొదట డబ్బానే పట్టుకొంటిమి. డబ్బాను పాలించుటకు దానికొక సొంత పాస్‌వర్డు ఉండును; ఇది వైఫై పాస్‌వర్డు కాదు, చాలమంది రెండింటిని ఒకటే యనుకొందురు. అది పుట్టినప్పటి మాటగానే యుండెను, మార్చితిమి. వైఫైకి డబ్ల్యు.పి.ఎ.2 అను తాళమును వేసితిమి. ఇది 2004 నుండి యున్నది. దీనికన్న గట్టిది డబ్ల్యు.పి.ఎ.3 అనునది 2018 లో వచ్చెను గాని నా పాత కంప్యూటరు దానిని ఎరుగదు. డబ్బామీద మీట నొక్కినను, ఎనిమిదంకెల సంఖ్య చెప్పినను చేర్చుకొను డబ్ల్యు.పి.ఎస్. అను సులభమార్గమును మూసితిమి. ఆ సంఖ్యను కొలది గంటలలో కనిపెట్టవచ్చునని 2011 లోనే బయటపడినది. చుట్టములకు వేరు పేరుతో అతిథి వైఫైని తెరచితిమి. దానిలో చేరినవారు ఇంటర్నెట్ చూడవచ్చును గాని మా యింటి యంత్రములను చూడలేరు. తీగ సంగతి యింకను సులువు. తీగకు కావలి లేదు గనుక తీగయే లేకుండ చేయుట మేలు. గోడమీది తీగను తీసి చుట్టపెట్టి, ఆసామికి ఇచ్చివేసితిని. అతడు తన పేరున వేరుగా కనెక్షను తెచ్చుకొని, కెమెరాల పెట్టెకు క్రొత్త పాస్‌వర్డు పెట్టుకొనెను. అతడు కోపపడలేదు. వాని భార్య మాత్రము కొన్నిదినములు మా వాకిట నిలువలేదు.

నా కంప్యూటరులోని టిక్కును తీసివేసితిని. ఇంటినుండి ఎక్కడికిని కదలని కంప్యూటరునకు అది కావలసిన పని లేదు. అటు కార్యాలయమునకు, ఇటు ఇంటికి తిరుగు కంప్యూటరునకైనచో మొదటి గడిని ముట్టుకొనక, రెండవ గడిలో టిక్కు ఉన్నదో లేదో చూచుకొనవలెను. ఇంటి వైఫైకి ఈ తీగ గడులతో సంబంధము లేదు. తీగ మొరాయించినప్పుడు వైఫై పనిచేయవచ్చును. మా మేడమీది గదికి వైఫై అందకపోవుటచేతనే కుర్రవాడు తీగను ఆశ్రయింపవలసి వచ్చినది.

వాని కథ మిగిలియున్నది. మొదటి దినము సెలవుక్రింద పోయినది. రెండవ దినము తన ఫోనులోని ఇంటర్నెట్‌ను కంప్యూటరునకు అందించి, దానితో కంపెనీవారి కంప్యూటరు శాఖకు సంగతి వ్రాసెను. ఆ రెండవ గడి పేరును ఉన్నదున్నట్లు వ్రాయుమని నేను చెప్పితిని. నెట్ పనిచేయుటలేదని మాత్రము వ్రాసినచో మరల తీగ మార్చుమనియే యందురు. సాయంకాలమునకు వారు దూరమునుండియే ఆ గడిలో టిక్కు పెట్టిరి. ఒక సెలవు మిగిలినది. ఇప్పుడు వాని కంప్యూటరు ప్రతిదినమును మా గుమ్మమున నిలిచి, లేని కావలివానిని కొంతసేపు పిలిచి, తరువాత లోనికి వచ్చుచున్నది. అందుకని కుర్రవాడు తొమ్మిదికి అయిదు నిమిషములు ముందుగానే దానిని తెరచియుంచి, క్రిందికి వచ్చి తల్లికి మందు ఇచ్చి పోవుచుండును.